సర్వోపయోగి పాలిష్

ఉప్పుటేర్ల పరిరక్షణ మండలి వారి నల్ల కారు మీద గీతలున్నాయన్న సంగతి మొట్టమొదట బయటపెట్టినవాడు సూర్యుడు. అదీ మండలి వార్షికోత్సవం నాడు, పదకొండు గంటల వేళ, ఫొటోగ్రాఫరు సమక్షంలో.

వార్షిక నివేదిక అట్ట మీదకి ఒక ఫొటో కావలసి వచ్చింది. డైరెక్టరు పరాంకుశం గారు కారు పక్కన నిలబడి, బానెట్ మీద ఒక చెయ్యి వేసి, దూరంగా ప్రవహిస్తున్న ఉప్పుటేరు వైపు చూస్తున్నట్టు ఉండాలి. ఉప్పుటేరు అక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. అందుచేత ఆయన గేటు బయట ఉన్న జిరాక్సు దుకాణం వైపు చూశారు. ఫొటోలో ఆయన బాగానే వచ్చారు. బానెట్ మీద పడిన ఆయన ప్రతిబింబం మాత్రం బాగా రాలేదు. ముఖం చుట్టూ సన్నటి గుండ్రటి గీతలు, వందలకొద్దీ, ఒకదానిలో ఒకటి దూరి, ఆయన సాలెగూట్లో చిక్కుకుని బయటికి చూస్తున్నట్టు కనబడింది.

ఆ కారు నడిపేవాడు గొర్లె తవిటయ్య. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. జీపుతో మొదలుపెట్టి, వ్యాను మీదుగా ఈ నల్ల కారు దాకా వచ్చాడు. ఇన్నేళ్ళలో ఒక బండికి సొట్ట పెట్టింది లేదు, ఒక మేకకి తగిలించింది లేదు. అతని సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసిన వాక్యం ఒక్కటి కూడా లేదని జిల్లాలో డ్రైవర్లందరికీ తెలుసు. తెలియనివాళ్ళకి అతనే చెప్పేవాడు. రెండేళ్ళ కిందట ఈ కారుని షోరూం నుంచి తెచ్చిన రోజున దాని తలుపులో తన మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోగలిగాడు. ఆ సంగతి ఇంటికెళ్ళి భార్యతో చెబితే, "బండి అద్దంలాగుందని సెప్పొచ్చు కదా, మీసాల ఊసెందుకు?" అంది.

ఫొటో వచ్చిన మర్నాడు తవిటయ్యకి డైరెక్టరు గారి గదిలోకి పిలుపు వచ్చింది.

"ఇవేమిటి?" అన్నారు పరాంకుశం గారు, ఫొటో బల్ల మీద పెట్టి.

"గీతలండి."

"గీతలని నాకునూ గోచరిస్తున్నది. ఎట్లు సంభవించినవి?"

"తుడిస్తే వొచ్చాయండి."

"తుడిస్తే మాలిన్యము పోవలెను. గీతలు వచ్చుట ఏమిటి?"

"పొడిగుడ్డండి. బండి మీద దుమ్మంటే ఇసకే కదండి. దాని మీద పొడిగుడ్డెట్టి రుద్దితే ఆ ఇసకే గీసెత్తాదండి. రెండు చెంబుల నీళ్ళు పోసి, తడిగుడ్డెట్టి దింపితే ఒక్క గీతా రాదండి. సర్క్యులరొచ్చిన్నాడే సెప్పినానండి మేడమ్‌గారికి."

మేడమ్‌గారంటే సూపరింటెండెంటు ఇందుమతి. ఆఫీసులో వెలువడే ప్రతి మెమో, ప్రతి సర్క్యులరూ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. మంచిమనిషే. కాని ఇరవై రెండేళ్ళుగా ఆఫీసు భాష రాసి రాసి, ఇంట్లో పాలవాడికి కూడా 'తదుపరి సూచనల వరకు అర లీటరు నిలుపుదల' అని చీటీ పెట్టే దశకి వచ్చింది. ఆమె అప్పటికే ఆ సర్క్యులరు తీసి పట్టుకుని నిలబడింది. అందులో ఇలా ఉంది: "నీటి పరిరక్షణయే ధ్యేయముగా గల ఈ మండలి తన వాహనముపై ఒక్క నీటిబొట్టునైనను వెచ్చించుట ధ్యేయమునకే కళంకము. కావున వాహనమును దినమునకు మూడు పర్యాయములు పొడి వస్త్రముతో మాత్రమే తుడిచి, రిజిస్టరునందు సంతకము చేయవలెను. వస్త్రము సంవత్సరమునకు ఒకటి."

తవిటయ్య అప్పట్లో అభ్యంతరం చెప్పిన మాట నిజమే. ఆమె దాన్ని 'గమనించడమైనది' అని రాసి ఫైల్లో పెట్టిన మాటా నిజమే.

"రిజిస్టరు ప్రకారం ఇతను రెండేళ్ళలో రెండువేల నూట తొంభై సార్లు తుడిచాడు సార్. ఒక్కరోజు కూడా మానలేదు," అంది ఇందుమతి. అతన్ని కాపాడాలనే ఆమె ఉద్దేశం.

"అనగా రెండువేల నూట తొంభై పర్యాయములు గీచినాడు. గీచిన ప్రతిసారీ సంతకము కూడా చేసినాడు. ఇంత విపులమైన నేరాంగీకారము నా సర్వీసులో చూచి యెరుగను," అన్నారు పరాంకుశం గారు.

సాయంత్రానికి ఛార్జి మెమో తయారైంది. మండలి ఆస్తి పట్ల 'వృత్తాకార అలక్ష్యము' వహించినందుకు. దాన్ని సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఎక్కించాలి. ఆఫీసంతా వెతికినా ఎర్ర పెన్ను దొరకలేదు. తవిటయ్య వరండాలో బెంచీ మీద కూర్చుని, అది దొరక్కుండా ఉంటే బాగుండునని అరగంట సేపు కోరుకున్నాడు. పక్క ఆఫీసులో దొరికింది.

ఆదివారం నాడు డీజిలు పోయించే మిషతో తవిటయ్య కారుని ఖాదర్‌వలీ షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఖాదర్‌వలీ ఊళ్ళో పేరున్న పెయింటరు. బండి రంగు చూసి, దాని యజమాని గుణం చెప్పగలడని ప్రతీతి. అతను బానెట్ మీద అరచెయ్యి ఆనించి, తల వంచి వెలుతురుకి ఏటవాలుగా చూశాడు.

"ఇంతేనా అన్నా? ఇవన్నీ పై పొరలోనే ఉన్నాయి. రంగు దాకా దిగలేదు. బాగా కడిగి, సన్నరకం పాలిష్ పెట్టి, మెత్త స్పాంజి చక్రంతో ఒక పూట తిప్పితే పోతాయి."

"ఏ పాలిష్ మంచిదంటావు? మా ఆఫీసోల్లు అడుగుతారు. గీతా పోవాల, మెరుపూ రావాల. అన్నిటికీ ఒకటే పనికొచ్చీదుంటే సెప్పు."

"ఉంది. పై పొరని కాస్త కోసి, కాస్త మెరుగు పెట్టేది. ఏ కొట్లో అడిగినా ఇస్తారు, కంపెనీ ఏదైనా పర్లేదు. కాని అన్నా, డబ్బాలో ఉన్నది సగం పనే చేస్తుంది. ఎప్పుడు ఆపాలో తెలియడం మిగతా సగం. ఈ పై పొర ఉల్లిపొరంత. గీత పోగానే చెయ్యి తీసెయ్యాలి. ఇంకా బాగా చేద్దామనుకున్నావా, పొర పోతుంది. ఆ వెనకే రంగూ పోతుంది."

మాటలతో ఎందుకని, డిక్కీ మూత మీద రెండు జానల మేర కడిగి, పావుగంటలో పని చేసి చూపించాడు. తవిటయ్య వంగి చూసుకున్నాడు. మీసంలో తెల్ల వెంట్రుకలు రెండేళ్ళలో ఎన్ని పెరిగాయో కూడా తెలిసింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. రేపు ఇది డైరెక్టరు గారికి చూపిస్తే, పావుగంటలో అయ్యేదానికి మెమో ఎందుకని ఆయనే నవ్వుకుంటారు అనుకున్నాడు.

పరాంకుశం గారు నవ్వలేదు. ఆ రెండు జానల మెరుపు ముందు చాలాసేపు నిలబడి, "ఎవరి అనుమతితో?" అన్నారు.

వెంటనే సాంకేతిక సలహాదారు ధర్మలింగం గారిని పిలిపించారు. ఆయన మట్టి పరీక్షల్లో డాక్టరేటు తీసుకున్న మనిషి. మండలిలో మట్టి తప్ప మిగతా అన్ని విషయాల్లోనూ సలహా ఇస్తుంటారు. ఆయన టేపుతో మెరుపుని కొలిచి, భూతద్దంతో చూసి, నిట్టూర్చారు.

"అనధికారిక మెరుపు సార్. ఒకే వాహనముపై రెండు ప్రమాణములు ఏర్పడినవి. రేపు గీతల గణన చేయవలసి వస్తే ఈ భాగము లెక్కలను వక్రీకరిస్తుంది."

"పరిష్కారము?"

"పూర్వస్థితి పునరుద్ధరణ సార్."

తవిటయ్యకి మొదట అర్థం కాలేదు. ఇందుమతి అతని చేతికి పొడిగుడ్డ ఇచ్చినప్పుడు అర్థమైంది. ఆ రెండు జానల చోటా మళ్ళీ గీతలు పడేదాకా, సాక్షుల ఎదుట, రుద్దాలి.

"సార్, ఇది బాగుపడిందండి. బాగుపడ్డదాన్ని పాడుసెయ్యమంటారేటండి?"

"పాడు చేయమని ఎవరన్నారు? మిగతా దానితో సమానము చేయమన్నాము," అన్నారు ధర్మలింగం గారు.

నలభై నిమిషాలు పట్టింది. తవిటయ్య చెయ్యి ఆపినప్పుడల్లా ధర్మలింగం గారు భూతద్దంతో చూసి, "ఇంకను కొరత ఉన్నది," అనేవారు. అతని ముఖం ఆ నలుపులో కొద్దికొద్దిగా మసకబారింది. ముందు మీసం పోయింది, తర్వాత కళ్ళు. సాక్షి సంతకం పెడుతూ ఇందుమతి, "వేరే దారి లేదు తవిటయ్యగారూ," అని మెల్లిగా అంది. అతను పొడిగుడ్డ ఆమెకి తిరిగిచ్చేశాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఏటయింది?" అని భార్య అడిగితే, "చెయ్యి నొప్పి," అన్నాడు.

తర్వాతి వారం 'వృత్తాకార రేఖా నిర్మూలన నిమిత్తము సర్వోపయోగి పాలిష్ ఎంపిక సంఘము' ఏర్పడింది. పరాంకుశం గారు అధ్యక్షులు. ధర్మలింగం గారు కన్వీనరు. ఇందుమతి కార్యదర్శి. తవిటయ్య ప్రత్యేక ఆహ్వానితుడు. అంటే కుర్చీ ఉంటుంది, టీ ఉంటుంది, మాట్లాడే హక్కు ఉండదు.

సర్వోపయోగి అంటే ఏమిటన్నది మొదటి సమావేశంలో చర్చకు వచ్చింది. గీతా తీసి మెరుపూ ఇచ్చేదని తవిటయ్య ఇందుమతి చెవిలో చెప్పాడు, ఆమె పైకి చెప్పింది. ధర్మలింగం గారు తల అడ్డంగా ఊపారు.

"అది ద్వయోపయోగి. 'సర్వ' శబ్దమునకు న్యాయము జరగాలంటే మండలిలోని సర్వ ఉపరితలములపై పనిచేయవలెను. ఒక్క కారు కోసము ఒక వస్తువు కొనుటకు స్టోర్సు నిబంధనలు కూడా ఒప్పవు."

ఉపరితలాల జాబితా పంపమని అన్ని విభాగాలకీ లేఖలు వెళ్ళాయి. ఒక విభాగం ఇనుప బీరువాలు పంపింది. ఒక విభాగం ఇత్తడి నేమ్‌ప్లేట్లు. ఇంకొకరు గచ్చు, ఇంకొకరు టేకు బల్లలు, పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళు బైనాక్యులర్లు. జాబితా చదువుతున్నంతసేపూ పరాంకుశం గారు తమ బూట్ల వైపు చూసుకుంటూ ఉన్నారు.

"నా పాదరక్షలు మండలి ఆస్తి కావు," అన్నారు చివరికి. ఇందుమతి కలానికి మూత పెట్టబోయింది. "అయినను మండలి పని మీదనే నడుచుచున్నవి. చేర్చవచ్చును."

మొత్తం పదిహేడు ఉపరితలాలయ్యాయి. ఈ సంగతి తెలిసి ఖాదర్‌వలీ, "ఆ పాలిష్ దొరికితే నాకూ ఓ డబ్బా పట్రా అన్నా. మా ఆవిడ పెనం మీద వేసి చూస్తాను," అన్నాడు.

పాలిష్ కొనేముందు గీతలు లెక్కపెట్టాలి. ఎన్ని ఉన్నాయో తెలియకపోతే ఎన్ని పోయాయో ఎలా తెలుస్తుందని ధర్మలింగం గారి ప్రశ్న. ఈ పనికి అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. ఉప్పుటేరు మీద వలస పక్షుల్ని లెక్కపెట్టే సిబ్బంది పన్నెండుమందిని అక్కణ్ణించి పిలిపించారు. బానెట్ మీద సుద్దముక్కతో గళ్ళు గీశారు. గీతలు ఎండలోనే కనబడతాయి కనుక గొడుగులు నిషేధించారు. పన్నెండుమందీ తలకి తువ్వాళ్ళు చుట్టుకుని, నడినెత్తి ఎండలో కారు చుట్టూ వంగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. కొందరికి అలవాటు పోక, గొంతు తగ్గించి మాట్లాడేవారు. గట్టిగా మాట్లాడితే గీతలు ఎగిరిపోతాయన్నట్టు.

మొదటి లెక్కలో నాలుగువేల నూట పన్నెండు వచ్చాయి. సరిచూసుకోవడానికి సుద్ద తుడిచి, మళ్ళీ గళ్ళు గీసి, మళ్ళీ లెక్కపెట్టారు. ఆరువేల ఎనిమిది వందల డెబ్భై. మూడోసారి తొమ్మిదివేలు దాటాయి.

"సార్, ఇవి వృద్ధి చెందుతున్నవి," అన్నారు ధర్మలింగం గారు గొంతు తగ్గించి. "సంతానోత్పత్తి కాలమేదైనా ఉన్నదేమో పరిశోధించాలి."

తవిటయ్య ఉండబట్టలేకపోయాడు. "సుద్ద తుడిసినప్పుడల్లా పొడిగుడ్డతోనే కదండి తుడుస్తన్నారు. కొత్తవి పడతన్నాయండి."

"ప్రత్యేక ఆహ్వానితులు మౌనము పాటించవలెను," అన్నారు పరాంకుశం గారు.

గణన మూడు వారాలు సాగింది. ఆ మూడు వారాలూ ఏటి దగ్గర లెక్కపెట్టే మనిషి లేడు. అందుచేత ఆ ఏడు నివేదికలో వలస పక్షులు రాలేదని రాశారు. కారణం వాతావరణ మార్పు అని కూడా రాశారు.

తర్వాత ప్రకటన ఇస్తే అయిదు కంపెనీలు నమూనాలు పంపాయి. పక్షపాతం లేకుండా పేర్లున్న కాగితాలు చింపి, డబ్బాలకి ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వేశారు. అయిదింటికీ సమాన అవకాశం ఇవ్వాలి. వేర్వేరు చోట్ల పూస్తే పోలిక న్యాయంగా ఉండదు. కాబట్టి అయిదూ ఒకే చోట, బానెట్ నడుమ, ఒక చదరపుటడుగు మేర పూయాలని తీర్మానించారు. ఒక్కొక్క డబ్బానీ నాలుగు విభాగాల ప్రతినిధులు తలా అరగంట చొప్పున రుద్దాలి.

ఒకటో నంబరు డబ్బా మంచిదే. పది నిమిషాలకే గీతలు పోయాయి. నలుపులో ఆకాశం కనబడింది.

"ఆపీయండి," అన్నాడు తవిటయ్య. "ఇంక చెయ్యి తీసీయండి. సరిపోయింది."

"ఇంకను నూట పది నిమిషముల పరీక్ష మిగిలి ఉన్నది," అన్నారు ధర్మలింగం గారు.

రెండో నంబరు దగ్గర చిక్కు వచ్చింది. తీయడానికి గీతలు లేవు. లేని గీతల్ని తీయలేదన్న నింద రెండో నంబరు మీద పడకూడదు. అందుకని ప్రతి నమూనాకీ ముందు పొడిగుడ్డతో గీతలు పెట్టి, తర్వాత పాలిష్‌తో తీయాలని సవరణ చేశారు. పెట్టారు, తీశారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. మూడో నంబరుకి వచ్చేసరికి గుడ్డలన్నీ నల్లగా అయ్యాయి.

"మురికి బాగా వదులుతున్నది," అన్నారు పరాంకుశం గారు తృప్తిగా.

"అది మురికి కాదండి," అన్నాడు తవిటయ్య. "రంగండి. బండి రంగది. పై పొర ఎప్పుడో పోయిందండి."

ఇందుమతి కలం ఎత్తి చూసింది. ఏమి రాయాలో పరాంకుశం గారే చెప్పారు. సమావేశపు నమోదులో ఇలా ఉంది: "ప్రత్యేక ఆహ్వానితుడు రంగు విషయమై భావోద్వేగమునకు లోనయ్యెను."

నాలుగో నంబరుకి అడుగున వేసే బూడిదరంగు పూత కనబడింది. అయిదో నంబరుకి అది కూడా పోయి, రేకు తళతళలాడింది. ధర్మలింగం గారు భూతద్దం పెట్టి, చదరపుటడుగంతా అంగుళం అంగుళం వెతికి, లేచి నిలబడ్డారు.

"సున్నా సార్. ఒక్క వృత్తము కూడా లేదు. అంతేకాదు, పొడి వస్త్రముతో మరల రుద్దినను రంగుపై గీతలు ఏర్పడుట లేదు. శాశ్వత పరిష్కారము."

అందరూ చప్పట్లు కొట్టారు. తవిటయ్య అయిదో డబ్బా దగ్గరికెళ్ళి వేలితో కాస్త తీసి వాసన చూశాడు. సాయంత్రం ఆ వేలిని ఖాదర్‌వలీకి చూపిస్తే, అతను వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది పాలిష్ కాదన్నా. ఇంజను వాల్వులు అరగదీసే పేస్టు," అన్నాడు.

కాని అది పదిహేడు ఉపరితలాల మీదా పనిచేసింది. బీరువాల రంగు పోయింది, బల్లల వార్నీషు పోయింది, బైనాక్యులర్ల అద్దాలు పాలగ్లాసుల్లా అయ్యాయి. పరాంకుశం గారి ఇత్తడి నేమ్‌ప్లేటు ఎంత శుభ్రంగా మెరిసిందంటే, దాని మీద పేరు కూడా మిగల్లేదు. ఎక్కడా గీత లేదు. సంఘం ఏకగ్రీవంగా అయిదో నంబరును సర్వోపయోగి పాలిష్‌గా ప్రకటించి, కారంతటికీ పూయమని తవిటయ్యని ఆదేశించింది.

తవిటయ్య డైరెక్టరు గారి గదికెళ్ళి కారు తాళం బల్ల మీద పెట్టాడు.

"నడపమంటే నడుపుతానండి. తోయమంటే తోత్తాను. ఈ పని మాత్రం నా సేత సేయించకండి."

"ఇది ఆజ్ఞోల్లంఘన," అన్నారు పరాంకుశం గారు.

"అవునండి. అలాగే రాసుకోండి."

రాసుకున్నారు. పని మాత్రం పక్షుల్ని లెక్కపెట్టే సిబ్బందికి అప్పగించారు. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ తవిటయ్య కారు షెడ్డు వైపు వెళ్ళలేదు. వరండా బెంచీ మీద కూర్చుంటే రుద్దుతున్న చప్పుడు వినబడేది. రెండు రోజులు విని, మూడో రోజు నుంచి గేటు బయట జిరాక్సు దుకాణం దగ్గర కూర్చున్నాడు. పన్నెండో రోజున ఇందుమతి వచ్చి తాళం అతని చేతిలో పెట్టింది. మండలిలో ఇంకెవరికీ డ్రైవింగు రాదు.

అతను షెడ్డుకెళ్ళి కారుని చూశాడు. వంట పాత్రలా ఉంది. ఉప్పుగాలికి ఎడమ తలుపు మీద అప్పుడే మూడు చోట్ల గోధుమరంగు మొగ్గలు తొడిగాయి. అతను బొటనవేలితో ఒక మొగ్గని రుద్ది చూశాడు. తుప్పే.

అదే రోజు ఛార్జి మెమో రద్దయింది. "ప్రస్తుతము వాహనముపై ఎట్టి గీతలునూ లేనందున, గీతలు గలవను ఆరోపణకు ఆధారము లేనందున, తదుపరి చర్య విరమించడమైనది. ఆజ్ఞోల్లంఘన సదరు విరమణలో అంతర్భాగముగా పరిగణించడమైనది." ఎర్ర సిరాతో రాసినదాన్ని ఎర్ర సిరాతోనే రద్దు చేయాలి కనుక, అతని సర్వీసు రిజిస్టరులో ఇప్పుడు ఎర్ర వాక్యాలు రెండయ్యాయి.

నివేదిక రాజధానికి వెళ్ళింది. గీతల నిర్మూలన నూరు శాతం అన్న మాట అక్కడ అందరికీ నచ్చింది. ఏ పథకమూ అరవై శాతం దాటని ఏడాది అది. ఉత్తమ ఆస్తి నిర్వహణకి మండలికి పురస్కారం ప్రకటించారు. సభ సాయంత్రం నాలుగు గంటలకి. నిర్మూలన జరిగిన వాహనంలోనే రమ్మని ప్రత్యేకంగా కోరారు.

పరాంకుశం గారు కొత్త కోటు వేసుకుని వెనక సీట్లో కూర్చున్నారు. కాళ్ళకి మాత్రం రబ్బరు చెప్పులు. బూట్లు పాలిష్ పరీక్షలో పోయాయి. రాజధాని ఇంకో అరగంట ఉందనగా, రహదారి మీద రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, కాగితాలు అడిగి చూశాడు.

"కాగితంలో రంగు నలుపు అని ఉంది."

"ఉండేదండి," అన్నాడు తవిటయ్య.

"ఇప్పుడు నలుపు లేదు."

పరాంకుశం గారు అద్దం దించారు. "మాది గీతారహిత వాహనము. పురస్కార స్వీకారమునకు వెళ్ళుచున్నాము."

"సంతోషం సార్. కాని కాగితంలో ఉన్న వాహనం ఇక్కడ లేదు. ఇక్కడ ఉన్న వాహనం కాగితంలో లేదు. రంగు గడి ఖాళీగా ఉన్న వాహనాన్ని రోడ్డు మీద వదలడానికి నిబంధన లేదు."

"రంగు లేదన్నది యథార్థమే. కాని ఒక్క గీత కూడా లేదన్న విషయమును మీరు గమనించుట లేదు."

"గీతలకి మా దరఖాస్తులో గడి లేదు సార్."

పరాంకుశం గారి సర్వీసులో ఇలాంటి మనిషి ఎదురుపడటం అదే మొదలు. కారు దిగారు. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి ఒకరి నిబంధనలు ఒకరికి వినిపించుకున్నారు. మూడయింది. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. సంచిలోంచి ఒక దరఖాస్తు తీసి, ప్రస్తుత రంగు ఏదో రాసిస్తే తాత్కాలికంగా పంపిస్తానన్నాడు.

"నలుపు అని వ్రాయుము," అన్నారు పరాంకుశం గారు తవిటయ్యతో.

"కళ్ళెదుట లేనిది రాస్తే కేసు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వెండిరంగు."

ఇన్‌స్పెక్టరు బానెట్‌ని గోటితో గీకి చూశాడు. "ఇది రంగు కాదు సార్. లోహం."

"రంగు లేదు అని వ్రాయవచ్చును కదా?"

"అది ఖాళీ కిందే లెక్క."

పరాంకుశం గారు ధర్మలింగం గారికి ఫోన్ చేశారు. ఆయన అటునుంచి చాలాసేపు ఆలోచించి, ఒక ఉపసంఘం వేస్తే మూడు వారాల్లో తేల్చగలమన్నారు. మూడుంపావు అయింది. పరాంకుశం గారు ఫోన్ పెట్టేసి, రబ్బరు చెప్పులతో కంకర మీద అటూ ఇటూ నడిచారు. ఆయన నుదుట చెమట పట్టడం తవిటయ్య అంతవరకూ చూడలేదు.

తవిటయ్య దరఖాస్తు పట్టుకుని బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. రేకు ఎండకి కాలుతోంది. తడిగుడ్డ పెట్టమన్నాడు, ఇంక ఆపీయండన్నాడు, అది రంగండి అన్నాడు. అన్నీ నిజాలే. చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే మాటలే. ఒక్క మాటా ఎవరి చెవికీ ఎక్కలేదు. బహుశా తను మాట్లాడిన భాషలోనే ఏదో లోపం ఉందనుకున్నాడు.

అతను కలం తీసి, ఆ చిన్న గడిలో పట్టేట్టు రెండు మాటలు రాసి, కాగితం ఇన్‌స్పెక్టరుకి ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టరు చదివాడు. అప్పటిదాకా బిగిసి ఉన్న అతని ముఖం మొదటిసారి సడలింది. పైకి కూడా చదివాడు: "వాహనము యొక్క రంగు: పరిశీలనలో ఉన్నది."

"ఇది చెల్లుతుందా?" అన్నారు పరాంకుశం గారు.

"భేషుగ్గా చెల్లుతుంది సార్. మొదటే ఈ ముక్క రాసి ఉంటే మిమ్మల్ని ఇంతసేపు నిలబెట్టేవాణ్ణి కాదు." ముద్ర కొట్టి సంతకం చేశాడు. తర్వాత జేబులోంచి చిన్న యంత్రం తీసి రంగుల పట్టిక తెరిచాడు. నలుపు, తెలుపు, ఎరుపు, వెండి అని ఉన్న వరస చివర ఈ కొత్త రంగుని కూడా చేర్చాడు. "ఇంకా చాలా శాఖల వాళ్ళకి పనికొస్తుంది," అన్నాడు.

కారు బయల్దేరింది. కొంతదూరం పోయాక పరాంకుశం గారు కోటు సర్దుకుని, వెనక్కి వాలి కూర్చున్నారు.

"మంచి వాక్యము తవిటయ్యా. ఎక్కడ నేర్చితివి?"

తవిటయ్య అద్దంలోకి చూడలేదు. రోడ్డు మీదే చూపు పెట్టి, గేరు మార్చాడు.

"ముప్పయ్యొక్క ఏళ్ళు తమరిలాంటోల్లనే ఎనక కూకోబెట్టుకుని తిప్పినానండి," అన్నాడు.

పరాంకుశం గారు దాన్ని ప్రశంసగానే స్వీకరించారు.